చెవి లేని ఆఁ

హనోయి,
ఆదివారం మధ్యాహ్నం.

అమ్మకు చిన్నా వందనాలు.

నేనిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలి కదా. రెండో సగం నిజంగానే తలుస్తున్నాను, రోజూ ప్రార్థనలో అడుగుతున్నాను కూడా. మొదటి సగం సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం. ఒంట్లో మాత్రం బాగానే ఉంది. జ్వరం లేదు, దగ్గు లేదు, వేళకి తింటున్నాను. ఆ విషయంలో బెంగ పెట్టుకోకు.

నీ గొంతు ఎలా ఉంది? డాక్టరు రెండు వారాలు మాట్లాడొద్దంటే నాలుగో రోజే సీరియల్ డబ్బింగుకి వెళ్ళావని చెల్లి చెప్పింది. అడిగితే ‘అత్తగారి పాత్రే కదరా, అరుపులేమీ లేవు’ అని మెసేజ్ పెట్టావు. అరుపులు లేని అత్తగారు ఏ సీరియల్లో ఉందో నాకూ చెప్పు, చూస్తాను. మిరియాల పాలు తాగుతున్నావా? ఫ్యాన్ కింద పడుకోవడం మానేశావా? చెల్లిని అడిగితే నీళ్ళు నములుతోంది. ఇద్దరూ కలిసి నా దగ్గర ఏదో దాస్తున్నారు. నేనూ మీ దగ్గర దాచాను కాబట్టి గట్టిగా అడగలేకపోతున్నాను.

ఈ రోజుల్లో ఉత్తరమేంటిరా అంటావు. మూడు వారాలుగా నీ ఫోన్ ఎత్తడం లేదు. డ్యూటీలో ఉన్నాననీ, నెట్ సరిగ్గా లేదనీ రాస్తున్నాను. డ్యూటీ లేదమ్మా. నెట్ బ్రహ్మాండంగా ఉంది. మాట్లాడితే పట్టేస్తావని ఎత్తలేదు. ముప్పై ఏళ్ళుగా అద్దాల గదిలో నిలబడి ఎవరెవరి పెదాలకో గొంతు ఇస్తున్నదానివి, సొంత కొడుకు గొంతులో తేడా నీకు తెలియకుండా పోతుందా? పదో తరగతి లెక్కల పరీక్ష రోజు స్నేహితుడి ఫోన్‌లోంచి ‘బాగా రాశానమ్మా’ అన్నాను. మూడో మాట అనకముందే ‘ఎన్ని వదిలేశావ్?’ అన్నావు. అందుకే కాగితం తీసుకున్నాను. కాగితంలో గొంతు వినపడదు కాబట్టి మొత్తం చెప్పగలనని అనుకుంటున్నాను.

ముందు ఇక్కడి సంగతులు. గది బాగుంది. మూడో అంతస్తు. కింద సందు అచ్చం మన కృష్ణానగర్ సందే. అన్నీ స్కూటర్లు, ఒకదానికొకటి తగలకుండా ఎలా పోతాయో ఆ దేవుడికే తెలియాలి. వాటి మీద అద్దాలు, మంచాలు, ఒకసారి ఏకంగా బతికున్న పంది. వాన మన వానలా దబదబా కురిసి పోదు. రోజంతా సన్నటి తుంపర. గోడలకి చెమట పడుతుంది, ఆరేసిన చొక్కా మూడు రోజులైనా ఆరదు. అన్నం దొరుకుతుంది, అదొక్కటి చాలు. అన్నిట్లోనూ చేపల నుంచి తీసిన ఒక రసం పోస్తారు. మొదట్లో ఆ వాసనకి ముక్కు మూసుకునేవాణ్ణి. ఇప్పుడు అలవాటైపోయి, అది లేకపోతే చప్పగా ఉందనిపిస్తోంది. నువ్వు పంపిన గోంగూర పచ్చడి అయిపోయింది. సీసా మాత్రం కడగలేదు, అప్పుడప్పుడు మూత తీసి వాసన చూస్తున్నాను. ఈ మాట చెల్లికి చెప్పకు, ఏడాదంతా ఏడిపిస్తుంది.

మనుషులు లేక కాదు, తెలుగు లేక పిచ్చెక్కుతోంది. విమానంలో ఇంగ్లిషు, బయట వాళ్ళ భాష. వారం రోజులు నోట్లోంచి ఒక్క తెలుగు ముక్క రాకపోతే స్నానం చేసేటప్పుడు నాలో నేనే మాట్లాడుకుంటున్నాను.

లైసెన్సు గురించి నీకు సరిగ్గా ఎప్పుడూ చెప్పలేదు. మన దేశంలో ఇచ్చిన లైసెన్సు ఇక్కడ నేరుగా చెల్లదు. అది పెట్టుకుని వస్తే, వీళ్ళ నిబంధనల మీద పరీక్షలు రాయించి, కళ్ళూ చెవులూ గుండే మళ్ళీ చూసి, దాని ఆధారంగా ఒక అనుమతి కాగితం ఇస్తారు. ఏడాదికోసారి కొత్తది చేయించుకోవాలి. ఆ కాగితం ఉంటేనే నేను ఇక్కడ పైలట్‌ని. లేకపోతే టూరిస్టుని. నాలుగు నెలలు పట్టింది అది చేతికి రావడానికి. మన దగ్గర నేను పనిచేసిన కంపెనీ సగం విమానాలు నేల మీద నిలబెట్టేశాక, ఇంట్లో కూర్చుని నీ డబ్బింగు డబ్బులతో తింటున్న రోజులు నాకింకా గుర్తున్నాయి. అందుకే ఆ కాగితం వచ్చిన రోజు దానికి ఫోటో తీసి నీకు పంపాను. నువ్వు దాన్ని చర్చిలో అందరికీ చూపించావట.

వచ్చిన కొత్తలో ప్రతి విమానంలోనూ నా పక్కన శిక్షణ ఇచ్చే కెప్టెన్ ఒకాయన ఉండేవాడు. కెప్టెన్ తామ్. వచ్చే ఏడు రిటైర్ అవుతాడు. సన్నగా, పొట్టిగా ఉంటాడు, గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. వీళ్ళకీ మనలాగే ఇంటిపేరు ముందు, పేరు చివర. ఢిల్లీలో ఉన్నన్నాళ్ళూ నన్ను ‘మేకలా, మేకలా’ అని పిలిచారు. ఈయన మొదటి రోజే నా బ్యాడ్జి చూసి చివరి పేరు పట్టుకుని ‘కిరణ్’ అన్నాడు. పరాయి దేశంలో పేరు పెట్టి పిలిచిన మొదటి మనిషి. ప్రతి ఫ్లైటుకీ సంచిలో కమలాపళ్ళు తెచ్చేవాడు. తొక్క తీసి సగం నాకిచ్చేవాడు. ఒక ఆదివారం ఇంటికి పిలిచి, వాళ్ళావిడ చేత బంకలా అంటుకునే వాళ్ళ అన్నం పెట్టించాడు. నీ గురించి అడిగితే చెప్పాను, మా అమ్మ సినిమాల్లో కనపడదు, వినపడుతుంది అని. ఆయనకి అది ఎంత నచ్చిందో. తర్వాత కలిసినప్పుడల్లా ‘మీ అమ్మగారి గొంతు బాగుందా?’ అనేవాడు.

ఆయన నాకు ఒక మాట నేర్పాడు. పెద్దవాళ్ళు పిలిస్తే వీళ్ళు ‘జా’ అంటారు, కాస్త కిందికి దించి. పరాయి వాళ్ళు దాన్ని అవుననుకుంటారట. ‘అవును కాదు, వింటున్నాను అని. అంతే’ అన్నాడు. వీళ్ళ భాషలో ఒకే అక్షరాన్ని ఆరు రాగాల్లో అంటే ఆరు అర్థాలు. మాకూ ఒక మాట ఉంది కెప్టెన్, ఆఁ అని, దానికి రాగాలు ఎన్నో మా అమ్మకే తెలియాలి అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నాకు తల కొట్టుకోవాలనిపిస్తోంది.

ఇక అసలు సంగతి. కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. ముందే చెబుతున్నాను.

ఒక ఉదయం ఫ్లైటు. తుంపర పడుతోంది. విమానం రన్‌వే వైపు నెమ్మదిగా వెళ్తోంది. లేచే ముందు రెక్కల అంచున ఉండే పలకలు కిందికి దించాలి, ఫ్లాప్స్ అంటారు. అవి దించకపోతే విమానం లేవడానికి తగినంత బలం అందదు. దించాల్సింది నేను. చెయ్యి లివర్ దగ్గరికి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే రేడియోలో కంట్రోలు వాళ్ళు మా దారి మార్చారు. వాళ్ళ ఇంగ్లిషు నాకింకా పూర్తిగా అలవాటు కాలేదు. చెయ్యి లివర్ వదిలి రేడియో బటన్ మీదికి వచ్చింది. జవాబిచ్చాను. ఫ్లాప్స్ సంగతి మర్చిపోయాను. ఇంతవరకూ పొరపాటు, అందరికీ జరిగేదే. ఇలాంటివి జరుగుతాయనే తర్వాత ఒక పట్టిక ఉంటుంది. కెప్టెన్ ఒక్కొక్కటీ అడుగుతాడు, నేను కళ్ళతో చూసి, అంకె చదివి చెప్పాలి.

ఆయన ‘ఫ్లాప్స్?’ అని అడిగాడు.

నేను మారిన దారిని మ్యాప్‌లో వెతుక్కుంటూ, తల ఎత్తకుండా ‘ఆఁ’ అన్నాను.

ఆయన తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయాడు. రన్‌వే మీద ఇంజన్లు పెంచగానే కాక్‌పిట్లో అలారం మోగింది. విమానం ఇంకా పరుగు అందుకోలేదు. కెప్టెన్ తామ్ వెంటనే ఆపేశాడు. వెనక కూర్చున్నవాళ్ళు కాస్త ముందుకి తూలి ఉంటారు, అంతే. తిరిగి గేటు దగ్గరికి వచ్చేశాం. గేటు దగ్గర ఇంజన్లు ఆపాక సంచిలోంచి కమలాపండు తీసి, తొక్క తీయకుండా మళ్ళీ సంచిలో పెట్టేశాడు.

కాక్‌పిట్లో మేము మాట్లాడేవన్నీ రికార్డు చేసే పెట్టె ఒకటి ఉంటుంది. ఇలాంటిది జరిగితే దాన్ని తీసి వింటారు. కంపెనీలో భద్రత చూసే ఆవిడ, హాన్ గారని, నన్ను పిలిచి కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. మర్యాదగానే అడిగింది.

“కెప్టెన్ ఫ్లాప్స్ అని అడిగినప్పుడు మీరు ఒక శబ్దం చేశారు. అది మీ భాషలో మాటా? దాని అర్థం ఏమిటి?”

దేవుడి మీద ఒట్టేసి చెబుతున్నానమ్మా, ముందుగా ఏమీ అనుకోలేదు. నోట్లోంచి అదే వచ్చేసింది. “ఏంటి అని అర్థమండీ. నాకు వినపడలేదు, మళ్ళీ అడగమన్నాను” అన్నాను.

ఆవిడ రాసుకుంది. టైపు చేసి తెచ్చింది. సంతకం పెట్టాను.

ఆ ఒక్క మాటతో నా తప్పు ఆయన మీదికి పోయింది. మర్చిపోవడం పొరపాటు, దానికి మళ్ళీ నాలుగు రోజుల శిక్షణతో సరిపెడతారు. చూడకుండా చూశానని జవాబివ్వడం వేరు. దానికి అనుమతి కాగితమే పోవచ్చు. నేను ‘ఏంటి?’ అని అడిగినట్టయితే, నేను వినపడలేదని నిజాయితీగా అడిగిన కుర్రవాణ్ణి. ఆయన, కొత్తవాడి ప్రశ్న పట్టించుకోకుండా నూట ఎనభై మందిని తీసుకుని రన్‌వే ఎక్కిన కెప్టెన్. మర్నాడే ఆయన్ని డ్యూటీ నుంచి తీసేశారు. విచారణ అయ్యేదాకా నన్నూ ఎగరనివ్వలేదు. అప్పటి నుంచే నీ ఫోన్ ఎత్తడం మానేశాను.

ఆయన తన వాంగ్మూలంలో ఇలా కూడా రాశాడట. ‘నేను విన్న రాగం దిగింది, లేవలేదు. ప్రశ్న అయితే లేవాలి.’ అది చదివి ఆఫీసులో కొందరు నవ్వారని విన్నాను. తెలియని భాషలో రాగం నీకేం తెలుసయ్యా అని.

నాకు తెలుసు కదా.

హాన్ గారు వదల్లేదు. ఇక్కడ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే తెలుగాయన్ని పట్టుకొచ్చి రికార్డు వినిపించింది. ఆయన విని, రెండు రకాలుగానూ అనుకోవచ్చని చెప్పాడు. బయటికి వచ్చాక కారిడార్లో నన్ను చూసి దగ్గరికి వచ్చాడు. గుంటూరు వైపు మనిషి. ఆరు నెలల తర్వాత ఎదురుగా నిలబడి ఒక మనిషి నాతో తెలుగులో మాట్లాడుతున్నాడు.

“హైదరాబాదేనాండీ? ఏ ఏరియా?” అన్నాడు.

“కృష్ణానగర్ అండీ. అమ్మ డబ్బింగ్ ఆర్టిస్టు.”

“అట్టాగా. మా బావమరిది యూసుఫ్‌గూడలోనే ఉంటాడండీ.” కాస్త దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. “నాకైతే అవునన్నట్టే వినపడిందండీ. అయినా రెండూ కావచ్చని చెప్పేశా. దేశం కాని దేశం, మనోణ్ణి మనం కాకపోతే ఎవరు చూసుకుంటారు చెప్పండి. ఆదివారం ఇంటికి రండి, ముద్దపప్పు, ఆవకాయ పెడతా.”

సరేనన్నాను. థాంక్సండీ అని కూడా అన్నాను. ముద్దపప్పు మాట వినగానే నోట్లో నీళ్ళూరాయి, అదీ నా బతుకు. గదికి వచ్చాక సిగ్గుతో దుప్పటి కప్పుకుని పడుకున్నాను. ఆయన ఇంటికి వెళ్ళలేదు.

అంతటితో నేను బయటపడ్డట్టే. విచారణ ముగించే ముందు ఇద్దరికీ రికార్డు వినిపించి సంతకాలు తీసుకోవాలన్నారు. మొన్న బుధవారం వెళ్ళాను. హెడ్‌ఫోన్లు పెట్టారు. ఇంజన్ల హోరు, కెప్టెన్ తామ్ గొంతు, తర్వాత నాది. ఒక్కసారే విన్నాను. అది ‘ఏంటి?’ కాదు. ‘అవును’ కూడా కాదు.

నీకు గుర్తుందో లేదో. నేను ఆరో తరగతి. వేసవి సెలవులు. నాన్న పోయిన ఏడాది. నన్ను ఇంట్లో వదల్లేక ఫిలింనగర్ డబ్బింగ్ థియేటర్‌కి నీతో తీసుకెళ్ళేదానివి. నాకు రికార్డిస్టు యాదగిరి మామ పక్కన స్టూలు, ముందు హోంవర్కు, ఒళ్ళో పెరుగన్నం డబ్బా. ఆ రోజు నీది ఒక తల్లి పాత్ర. కొడుకు ఏదో చెబుతుంటే ఆమె ‘ఆఁ’ అనాలి. మొత్తం సీన్లో నీకు అదొక్కటే. నువ్వు అన్నావు. యాదగిరి మామ మైకు నొక్కి,

“అక్కా, సౌండ్ మంచిగనే ఉంది గని, ఆమె ఇంటున్నట్టు లేదు. ఊకె అన్నట్టుంది. ఇంకోటి ఇయ్యి” అన్నాడు.

ఇంకోటి ఇచ్చావు. ఇంకోటి. పదకొండు సార్లు. నేను లెక్కపెట్టాను. మామ నా వైపు తిరిగి, “జర సూడు బిడ్డా, ఒక్క ఆఁ కోసం మీ అమ్మ ఎంత తిప్పల పడ్తుందో” అన్నాడు. చివరికి నువ్వు తెర చూడటం మానేసి, కళ్ళు మూసుకుని ఆ కొడుకు డైలాగు మొత్తం విన్నాక అన్నావు. మామ బొటనవేలు ఎత్తాడు.

బయటికి వచ్చి మొహం తుడుచుకుంటూ, “తిన్నావా?” అని అడిగావు. నేను పుస్తకంలోంచి తల ఎత్తకుండా “ఆఁ” అన్నాను. డబ్బా మూత కూడా తీయలేదు. నీకు కోపం రాలేదు, నవ్వు వచ్చింది. “ఇదిరా, ఇదే. చెవి లేని ఆఁ. దీన్ని వదిలించుకోవడానికి లోపల నాకు గంట పట్టింది, నువ్వు ఇంత సులువుగా అనేశావు” అన్నావు. తర్వాత ఆటోలో ఇంటికి వచ్చేదాకా నాకు అన్ని ఆఁలూ చెప్పావు. అవుననే ఆఁ, ఏంటనే ఆఁ, చెప్పు వింటున్నా అనే ఆఁ, తెలుసులే పో అనే ఆఁ ఆఁ. వీటన్నిటికీ చెవి ఉంటుందిరా, ఒక్క దానికే ఉండదు అన్నావు. మిషన్ గొంతులు వచ్చి మీ పని తగ్గిపోతోందని అందరూ ఏడుస్తుంటే నువ్వు ఇప్పటికీ అదే అంటావు కదా, మిషన్‌కి డైలాగులు వస్తాయి కానీ ఆఁ రాదు అని.

హెడ్‌ఫోన్లో నేను విన్నది అదే. పెరుగన్నం డబ్బా దగ్గర అన్నదే. ఇరవై ఏళ్ళయినా మారలేదు. ఈ ఊళ్ళో ఎవరూ దాన్ని పట్టుకోలేరు. ఆ గుంటూరాయన కూడా పట్టుకోలేదు. పట్టుకోగలిగే మనిషివి నువ్వొక్కదానివి, నువ్వేమో అక్కడ హైదరాబాదులో ఏ డబ్బింగ్ థియేటర్లోనో ఉంటావు ఆ టైముకి. సంతకం పెట్టకుండా, తలనొప్పిగా ఉందని చెప్పి బయటికి వచ్చేశాను.

మర్నాడు కమలాపళ్ళు కొని కెప్టెన్ తామ్ ఇంటికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకే తెలియదు. తిడితే బాగుండునని వెళ్ళి ఉంటాను. ఆయన బాల్కనీలో కుండీల్లో మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు. యూనిఫాం లేకుండా ఆయన్ని చూడటం అదే మొదటిసారి, ఇంకా చిన్నగా కనపడ్డాడు. కూర్చోమన్నాడు. నేను తెచ్చిన పండే తొక్క తీసి సగం నాకిచ్చాడు.

“మీ అమ్మగారి గొంతు బాగుందా?” అన్నాడు.

నేను చేతిలో ఉన్న సగం పండు తొనలు విడదీస్తూ కూర్చున్నాను.

ఆయనే మెల్లగా అన్నాడు. “నేను ఇంకోసారి అడగాల్సింది, కిరణ్. నాకు కావాల్సిన జవాబు ఒక అంకె. అంకె రాలేదు, శబ్దం వచ్చింది. నేను సరిపెట్టుకున్నాను. నువ్వు ఏ అర్థంతో అన్నా, అది నా తప్పే. విచారణలో కూడా అదే చెప్పాను.”

ఆయన తన వంతు తప్పు ఒప్పేసుకుని, నా వంతు జోలికే రాలేదు. నువ్వు అబద్ధం చెప్పావు అని ఒక్క మాట అనలేదు. అక్కడే చెప్పేద్దామని నోరు తెరిచాను, వాళ్ళావిడ టీ తెచ్చింది. టీ తాగి వచ్చేశాను. మెట్లు దిగుతుంటే నువ్వు చిన్నప్పుడు చెల్లినీ నన్నూ నిలబెట్టి అనే మాట గుర్తొచ్చింది, అవునంటే అవును, కాదంటే కాదు, మధ్యలో నసుగుడు ఉండకూడదు అని. నేను నసిగిన చోటే ఆయన ఇరుక్కున్నాడు.

నిన్న ఉదయం హాన్ గారి ఆఫీసుకి వెళ్ళాను. శనివారమైనా ఉంది. పాత వాంగ్మూలం తప్పు, కొత్తది ఇస్తానన్నాను. ఆవిడ పెన్ను తీసింది.

“అంటే మీరు అవునని అన్నారు.”

“లేదండీ.”

“మళ్ళీ అడగమన్నారు.”

“అదీ కాదండీ. ఆయన అడిగింది నా చెవిలో పడింది. నేను వినలేదు. వినకుండానే విన్నట్టు అన్నాను. మా ఇంట్లో దానికి ఒక పేరు ఉంది.”

పేరు చెప్పి, ఇంగ్లిషులో వివరించాను. ఆవిడ ఆ పేరు నా చేత మరోసారి చెప్పించుకుంది. తర్వాత, “మొదటిసారి ఎందుకు అలా చెప్పారు?” అంది. భయమేసింది అన్నాను. అది రాసుకుంది. తెలుగాయన గురించి అడగలేదు, నేనూ చెప్పలేదు. కొత్త వాంగ్మూలం మీద సంతకం పెట్టాను. పెట్టాక ఆకలేసింది, పక్క సందులో నూడుల్స్ రెండు గిన్నెలు తిన్నాను.

ఏమవుతుందో వచ్చే వారం చెబుతారు. కెప్టెన్ తామ్‌ని మళ్ళీ పనిలోకి తీసుకుంటారని ఆఫీసులో అనుకుంటున్నారు, ఒక మందలింపు కాగితంతో. నా సంగతి అంత సులువు కాదు. తప్పు కంటే తప్పుడు మాట పెద్దది. ఇక్కడి అనుమతి తీసేస్తే మన దేశంలో లైసెన్సు ఇచ్చిన వాళ్ళకీ రాస్తారు. ఇక మీద ఏ కంపెనీకి అప్లికేషన్ పెట్టినా, ‘ఎప్పుడైనా మీ అనుమతి రద్దయిందా?’ అని ఒక గడి ఉంటుంది. అక్కడ అవును అని రాయాలి. తెనాలి స్థలం అమ్మేసి నన్ను ఈ చదువు చదివించావు. ఆ గడి దగ్గర ప్రతిసారీ నాకు నువ్వే గుర్తొస్తావు. నన్ను క్షమించు. ఈ ఒక్క మాట రాయడానికే ఇన్ని కాగితాలు పట్టాయి.

ఇంటికి వచ్చేస్తే ఏం చేస్తానని ఇప్పుడే అడక్కు. పచ్చడి మాత్రం పంపకు, చేరేసరికి నేను ఇక్కడ ఉంటానో లేదో. చర్చిలో నా కోసం ప్రార్థన పెట్టించు, కానీ పాస్టర్ గారు మైకులో పేరు చెప్పకుండా చూడు. వెంగళరావు నగర్ పిన్ని వాళ్ళకి అప్పుడే చెప్పకు, నేనే చెబుతాను. యాదగిరి మామ కనపడితే ఆయన మాట నేను ఇన్నేళ్ళకి విన్నానని చెప్పు, దేని గురించో తర్వాత చెబుతాను. పెద్దలందరికీ నా నమస్కారాలు. చెల్లికి ముద్దులు, నా బైకు తీయొద్దని హెచ్చరిక.

ఇంకొకటి. నేను మొత్తం రాసేశాను కాబట్టి నువ్వూ డాక్టరు అన్నది మొత్తం చెప్పాలి. అరుపులేమీ లేవు అంటే కుదరదు.

ఈ ఉత్తరం నీ చేతికి అందిందని చెల్లి మెసేజ్ పెట్టగానే నేనే ఫోన్ చేస్తాను. నువ్వు ముందుగా ‘బాగున్నావా నాన్నా?’ అంటావు. నేను ఎప్పటిలాగే ఆఁ అంటాను. సరిపెట్టుకోకు అమ్మా. ఇంకోసారి అడుగు. పదకొండు సార్లయినా సరే, చెవి ఉన్న ఆఁ వినపడే దాకా అడుగు.

నీ దీవెనలు కోరే
నీ కొడుకు,
చిన్నా